పై పాగా

వెలిచర్ల అని ఒకానొక రాజ్యం. ఎంత పెద్దదంటే, తూర్పు పొలిమేరలో తెల్లవారిందన్న కబురు పట్టుకుని గుర్రపు రౌతు బయలుదేరితే, అతను పడమటి పొలిమేర చేరేసరికి అక్కడ సంధ్యదీపాలు పెట్టేసేవారు. ఆ రాజ్యాన్ని నడిమికి చీల్చుకుంటూ పిల్లేరు అని ఒక ఏరు. పేరుకే పిల్ల. వానాకాలంలో ఈ గట్టు మీద మనిషి తుమ్మితే, ఆ గట్టు మీద మనిషి "చిరంజీవ" అన్న మాట మర్నాటికి గానీ వచ్చి చేరేది కాదు.

ఆ రాజ్యానికి రాజు ఉద్దండరాయలు. ఆయనకు ఇరవై తొమ్మిది బిరుదులు. ఆయన సభలోకి వస్తుంటే వందిమాగధులు అవన్నీ ఏకరువు పెట్టాలి. సింహాసనం ఎక్కేలోపు ఇద్దరి గొంతులు పోయేవి, మూడోవాడు అందుకునేవాడు. కుదురుగా ఒక్కచోట కూర్చునే మనిషి కాదాయన. కూర్చుంటే కాలు ఊపుతాడు, లేస్తాడు, నాలుగు అడుగులు వేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఆయన నడిచి నడిచి అరిగిపోతే సభలో నల్లరాతి బండలు రెండుసార్లు మార్చారని లోకం చెప్పుకుంటుంది. లోకానికేం తెలుసు, మూడుసార్లు మార్చారు.

సభలో రెండు వరసలు. కుడి వరస వారివి ఎర్ర తలపాగాలు, వారికి పెద్ద ప్రధాని బాచనామాత్యుడు. ఎడమ వరస వారివి నీలి తలపాగాలు, వారికి పెద్ద కొమ్మరాజు అనే సామంతుడు. ఎర్రవారు ఔనన్నది నీలివారు కాదనాలి. ఒకసారి ఎర్రవారిలో ఎవరో బయట వాన పడుతోందన్నారు. నీలివారు ఇరవైమంది అప్పుడే తడిసి ముద్దయి లోపలికి వచ్చారు. వచ్చి, ఉత్తరీయాలు పిండుకుంటూ, వాన లేదని సాయంత్రం దాకా వాదించారు. రాజుగారు రెండు వరసలకూ రాజే గానీ, బాచనామాత్యుడు ఆయనకు చిన్ననాటి జతగాడు. అందుకని ఆయనకు ఎడమచెవి కంటే కుడిచెవి కొంచెం బాగా వినిపించేది.

వెలిచర్లలో ఒక ఆచారం ఉంది. ఒకరిని తప్పు మాట అన్నవాడు తన తలపాగా తీసి, ఆ మాట పడ్డవారి పాదాల దగ్గర పెట్టాలి. పడ్డవారు దాన్ని తమ చేత్తో ఎత్తి అతని తల మీద పెడితే తప్పు తీరినట్టు. పెట్టేదాకా వట్టి తలతో తిరగాలి. వట్టి తలతో సభకు రానివ్వరు, పెళ్ళికి పిలవరు, ఇంట్లో పెళ్ళాం కూడా పక్కకు తిరిగి అన్నం వడ్డిస్తుంది.

ఈ తలపాగాలన్నీ కట్టేవాడు ఒక్కడే. పాగాల మైలారయ్య. అతని చేతి వాటం సంగతి ఏమని చెప్పను. అరవై మూరల సెల్లా బట్టను మీరు ఊపిరి పీల్చి వదిలేలోపు చుట్టేసేవాడు. ఒకసారి పట్టపుటేనుగు బెదిరి వీధిలో పరుగెడుతుంటే, దాని పక్కనే పరుగెడుతూ కుంభస్థలానికి పాగా కట్టాడు. తురాయి గుచ్చాడు. చివరి మడత నచ్చక విప్పి మళ్ళీ కట్టాడు. ఏనుగు సిగ్గుపడి ఆగిపోయింది. రోజూ పొద్దున నిండు సభలో రాజుగారికి పాగా కట్టేదీ అతనే. అందులో ఒక కట్టుబాటు ఉంది. మొదటి మడత పడింది మొదలు తురాయి గుచ్చేదాకా రాజుగారు ఆసనం మీంచి లేవకూడదు, ఇంకెవరూ ఆ బట్ట ముట్టకూడదు. ఎప్పుడో ఒక రాజు సగం కట్టిన పాగాతో లేచాడట, ఆ సాయంత్రానికి కోట పోయిందట. అంతటి ఉద్దండరాయలు పొద్దున కాసేపు కూర్చున్నాడంటే అది మైలారయ్య చలవ.

ఇంత పనిమంతుడు ఒక పాడుపని చేశాడు. పదేళ్ళ కింద బాచనామాత్యుడు ఎవరినో ఏదో అని, తల వట్టిది చేసుకోవడం ఇష్టం లేక, ఇతని ఇంటికి వచ్చాడు. మైలారయ్య రెండు రోజులు ఆలోచించి ఒక చమత్కారం కనిపెట్టాడు. అసలు పాగా మీద ఉల్లిపొర లాంటి సన్నబట్టతో, అదే రంగులో, ఇంకో పాగా. పైది తీసి పాదాల దగ్గర పెట్టినా కిందిది తల మీదే ఉంటుంది. దూరం నుంచి చూసేవారికి వంచిన తలా, కింద పెట్టిన పాగా కనిపిస్తాయి, అంతే. వారం తిరగకుండా కొమ్మరాజూ వచ్చి తనకూ ఒకటి కావాలన్నాడు. నెల తిరగకుండా రెండు వరసల వారికీ పై పాగాలు వచ్చేశాయి. ఆ రోజుల్లో మైలారయ్య తన పనితనానికి తనే మురిసిపోయాడు.

ఇక అసలు గొడవకు వస్తాను.

ఆ ఏడు వానలు మొదలైన పదో రోజున బాచనామాత్యుడు అవతలి గట్టు నుంచి రాజధానికి వస్తున్నాడు. రేవులో పడవ గంగులుది. ప్రధాని తనతోపాటు కొత్తగా కొన్న రెండు గుర్రాలనూ పడవ ఎక్కించమన్నాడు. ఏరు నురుగు కక్కుతోంది, గుర్రాలు వద్దు, రేపు ఇంకో విడత తెస్తానన్నాడు గంగులు. ప్రధాని వినలేదు. నడి ఏట్లో గుర్రం బెదిరింది, పడవ తిరగబడింది. గంగులు పన్నెండుమందిని గట్టు చేర్చాడు. మొదట చేర్చింది బాచనామాత్యుణ్ణే, జుట్టు పట్టి లాగి. పన్నెండో మనిషిని గట్టు మీదికి తోసినవాడు తను మాత్రం పైకి రాలేదు. గుర్రాలు మాత్రం ఈదుకుంటూ వచ్చి గడ్డి మేశాయి.

తడిబట్టలతో సభకు వచ్చిన బాచనామాత్యుణ్ణి ఏం జరిగిందని రాజుగారు అడిగారు. పడవవాడు తాగి ఉన్నాడని ఆయన చెప్పాడు.

ఒక్క మాట. కానీ వెలిచర్లలో తాగి పడవ నడిపినవాడి ఇంటికి రేవు మీద హక్కు పోతుంది. గంగులు పెళ్ళాం ఓబులమ్మ కూడా తెడ్డు వేసే మనిషే, మొగుడి వెనక పదిహేనేళ్ళు చుక్కాని పట్టింది. మొగుడు పోయిన మూడో రోజున తలారి వచ్చి, తిరగబడిన పడవను గట్టుకు చేర్పించి, దాని తాడుకు రాజముద్ర వేసి పోయాడు.

ఓబులమ్మ ఏడవలేదు. రేవులో ఆ పడవ పక్కనే కూర్చుంది. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా తాను లేవనంది. అది చూసి రెండు గట్ల మీదా పడవవాళ్ళందరూ తెడ్లు కింద పెట్టేశారు.

రాజ్యం రెండు ముక్కలై కూర్చుంది. ఈ గట్టున ఉప్పు, ఆ గట్టున చింతపండు. ఈ గట్టున పెళ్ళికొడుకు, ఆ గట్టున పెళ్ళికూతురు. జనం పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరగడమే పని. అందరికంటే ఎక్కువ తిరిగింది రాజుగారు. ఎందుకంటే ఆయనకు ముప్పయ్యో బిరుదు ఇవ్వడానికి వస్తున్న ఏడుగురు పండితులు అవతలి గట్టున చిక్కుపడ్డారు. ముహూర్తం నాలుగు రోజుల్లో ఉంది. సైనికుల చేత పడవ నడిపించి చూశారు. అది నడి ఏట్లో నలభైసార్లు గిరగిర తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చింది. అందులోంచి దిగిన దళపతికి అవతలి గట్టే అనిపించి, ఇంకో రాజ్యం గెలిచాననుకుని జెండా పాతాడు.

ఇటు సభలో నీలివారు గగ్గోలు మొదలుపెట్టారు. చనిపోయినవాడి మీద నింద వేస్తారా, తల దించాల్సిందే అని బల్లలు చరిచారు. ఎర్రవారు, అది సందర్భం వేరు, భావం వేరు, మాటను తెంపి చూపిస్తున్నారని తిరిగి చరిచారు.

ఇక్కడ మీకు నిరుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. నిరుడు కొమ్మరాజు తన పుట్టినరోజుకు బాణాసంచా కాల్పించాడు. నిప్పురవ్వలు పడి ఏనుగుల సాల తగలబడింది. మావటివాళ్ళు తాగి నిద్రపోయారని కొమ్మరాజు అన్నాడు. అప్పుడు బల్లలు చరిచింది ఎర్రవారు. సందర్భం వేరన్నది నీలివారు. కొమ్మరాజు పాగా పెట్టాడు, అయినా రాజుగారు, నోటికి అదుపు లేనివాడికి నా సభలో చోటు లేదని మూడు నెలలు ఊరి బయట ఉంచారు.

మరి ఈసారి రాజుగారు ఏమన్నారు? పెద్దమనిషి, తడిసి వచ్చాడు, చలికి నోరు జారింది, ఒక పాగా పెట్టేస్తే పోతుంది అన్నారు.

బాచనామాత్యుడు మేళతాళాలతో రేవుకు వెళ్ళాడు. జనం గట్టు నిండా ఉన్నారు. ఆయన ఓబులమ్మకు ఆరడుగుల దూరంలో నిలబడి, తలపాగా తీసి నేల మీద పెట్టి, అందరికీ వినపడేలా అన్నాడు.

"నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, అందుకు చింతిస్తున్నాను."

ఓబులమ్మ కింద ఉన్న పాగాను చూసింది. తర్వాత ఆయన తలకేసి చూసింది.

"అయ్యగారూ, తల మీద ఇంకోటి ఉంది," అంది.

గట్టు మీద ఎవడో కిసుక్కుమన్నాడు. బాచనామాత్యుడు ఎర్రబడి, తాను ఆచారం ప్రకారం చేయాల్సింది చేశాననీ, పుచ్చుకోవడం పుచ్చుకోకపోవడం ఆమె సంస్కారమనీ అనేసి పల్లకి ఎక్కాడు. కింద పెట్టిన పాగా మాత్రం గాలికి లేచి ఏట్లో పడింది. ఉల్లిపొర బట్ట కదా, మునగలేదు.

ఆ మధ్యాహ్నమే రాజుగారి ఆజ్ఞ వచ్చింది. క్షమాపణ చెప్పడం అయింది. రేపు పొద్దుగుంకేలోగా ఓబులమ్మ ఆ పాగాను ఏట్లోంచైనా ఎత్తి ప్రధాని తల మీద పెట్టి పడవలు కదిలించాలి. లేదా ముద్ర వేసి ఉంచిన ఆమె పడవ, రేవు మీద హక్కు, రెండూ శాశ్వతంగా బాచనామాత్యుడి బావమరిదికి.

మైలారయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఓబులమ్మ దగ్గర ఆగాడు. ఆమె అతన్ని కూర్చోమనలేదు.

"మైలారన్నా, ఆ పై పాగా నీ చేతి పనే అంటున్నారు. నిజమేనా?"

అతను తలూపాడు.

"బాగా కట్టావు. ఒక్క మడత కూడా చెదరలేదు," అంది ఆమె. "చూడన్నా, మా ఆయన పెళ్ళిళ్ళకీ జాతర్లకీ తాగేవాడు, నేను కాదనను. ఒకసారి తాగి ఇల్లనుకుని పక్కింట్లో పడుకున్నాడు కూడా. కానీ ఏరు పొంగిన రోజున ఆయన కల్లు వాసన కూడా చూడడు. ఆ రోజు తాగలేదు. నాకు ఆ ఒక్క మాట కావాలి. పడవ తర్వాత సంగతి" అంది.

మైలారయ్య అక్కణ్ణుంచి కదిలాడు. తిన్నగా వెళ్ళింది రాయసం చేసే కామయ్య ఇంటికి. సభలో ఎవరు ఏ మాట అన్నా తాటాకు మీద ఎక్కించే పని కామయ్యది. నిరుటి కట్టలు దించమన్నాడు మైలారయ్య.

మర్నాడు పొద్దున నిండు సభ. ఎర్రవారు, నీలివారు ఒకరినొకరు కొరుక్కు తినేలా చూసుకుంటున్నారు. రాజుగారు కూర్చున్నారే గానీ కాలు ఊపుతూనే ఉన్నారు. ముహూర్తం ఇంక రెండు రోజులు. మైలారయ్య సెల్లా విదిలించి మొదటి మడత వేశాడు. రెండు, మూడు, నాలుగు మడతలు సవ్యంగా పడ్డాయి. ఐదో మడత కిందికి దిగింది. ఆరోది ఇంకా దిగింది. ఏడోది వచ్చేసరికి రాజుగారి కళ్ళు రెండూ పాగా కిందికి పోయాయి, మైలారయ్య వెనక గట్టిగా ముడి బిగించాడు.

సభ సభంతా బిగుసుకుపోయింది.

"మైలారా, నాకు కనిపించడం లేదు," అన్నారు రాజుగారు.

మైలారయ్య రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఎవరి కళ్ళయినా మూతపడి ఉంటే, అందుకు చింతిస్తున్నాను."

"ఎవరి కళ్ళో ఏమిటిరా, నా కళ్ళే."

"తమ కళ్ళు మూతపడినట్టు తమకు అనిపించి ఉంటే, దానికి కూడా చింతిస్తున్నాను."

"అనిపించడం ఏమిటి, మూతపడ్డాయి."

"పాగా కాస్త కిందికి దిగినట్టుంది ప్రభూ."

"దానంతట అది దిగుతుందా? నువ్వు దించావు."

"నా ఉద్దేశం అది కాదు ప్రభూ. ఏడో మడతను ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే అలాగే ఉంటుంది. మొదటి నాలుగు మడతలతో కలిపి చూడాలి. కొందరు కావాలని నా మడతను అపార్థం చేస్తున్నారు."

రాజుగారు లేవబోయారు. లేవకూడదని గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డారు. చెయ్యి పాగా మీదికి పోయింది, ముట్టకూడదని గుర్తొచ్చి ఆగింది. సింహాసనం చేతుల మీద ఆయన వేళ్ళు ఎంత గట్టిగా దరువేశాయంటే, బయట మద్దెలగాళ్ళు కచేరీ మొదలైందనుకుని వాద్యాలు సవరించుకున్నారు.

"ఒరే, ఇది క్షమాపణ అంటారా?" అన్నారు. "చేసింది నువ్వు. నేను చేశానని చెప్పు. ఎవరికి చేశావో వాళ్ళ పేరు చెప్పు. చేసినదాన్ని విప్పు. ఈ మూడూ ఉంటే క్షమాపణ. నువ్వు అక్కడ నిలబడి చింతిస్తూ ఉంటే ఇక్కడ నా కళ్ళకు వెలుతురొస్తుందా?"

"ఈ మూడూ ఎవరు చేసినా చెప్పాల్సిందేనా ప్రభూ? ఎర్రపాగా వారైనా, నీలిపాగా వారైనా?"

"ఎవడైతే నాకేం? నాకు కనిపించి చస్తేగా."

"కామయ్యగారూ, రాశారా?" అన్నాడు మైలారయ్య.

"రాశాను. రాజాజ్ఞ అని కూడా పైన రాశాను," అన్నాడు కామయ్య.

బాచనామాత్యుడు గొంతు సవరించుకున్నాడు. కొమ్మరాజు మీసం చాటున నవ్వాడు.

ముడి బిగిసిపోయిందనీ, విప్పడానికి కాస్త వ్యవధి పడుతుందనీ, ఆలోగా కాలక్షేపానికి కామయ్య సభలో మాటలు రెండు చదువుతాడనీ, ఎవరివో ఏలినవారు పోల్చుకోవాలనీ, అదే పందెమనీ మనవి చేశాడు మైలారయ్య. పందెమంటే రాజుగారికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. నా సభలో గొంతులు నాకు తెలియవా, చదవమన్నారు. కామయ్య గొంతులో ఎత్తూ పల్లం లేదు. పురుడైనా పాడైనా ఒక్కలాగే చదువుతాడు.

"నోరు లేని పనివాళ్ళ మీద నింద వేసి, ఐతే, గీతే అంటూ నసిగితే అది క్షమాపణ కాదు. తలపాగా తీయడం కాదు, తల దించాలి."

"ఇంకెవరు, కొమ్మరాజు," అన్నారు రాజుగారు. "నాలుగు రోజులుగా మా బాచన మీద ఇదే గోల. వినలేక చస్తున్నాను."

"చిత్తం. నిరుడు, ఏనుగుల సాల కాలినప్పుడు, బాచనామాత్యుల వారు," అని చదివాడు కామయ్య.

రాజుగారి కాలు ఊగడం ఆగింది. రెండోది చదవమన్నారు.

"పెద్దమనిషి ఆందోళనలో ఉన్నాడు, నోరు జారింది. సందర్భం చూడకుండా ఒక్క మాటను పట్టుకుని వేలాడటం కుళ్ళుబుద్ధి."

"ఇది మాత్రం బాచన తరఫున మనవాళ్ళు అన్నదే. నిన్ననే విన్నాను. సబబుగా ఉంది."

"చిత్తం. నిరుడు, అదే రోజు, కొమ్మరాజుగారి తరఫున నీలివారు. అది విని ఏలినవారు, ఇంత సిగ్గులేని మాట నేను వినలేదని సెలవిచ్చారు. అదీ ఇక్కడ ఉంది."

సభలో ఎవరూ దగ్గలేదు. ఒక స్తంభం మీద బల్లి చప్పుడు చేస్తే, అది ఏ వరస తరఫున అన్నదోనని రెండు వరసలూ తల తిప్పి చూశాయి.

అప్పుడు మైలారయ్య రాజుగారి ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేను, పాగాల మైలారయ్యను. ఉద్దండరాయల వారి కళ్ళకు కావాలనే పాగా కట్టాను. ఇదిగో విప్పుతున్నాను," అని చెయ్యి చాచి ముడి లాగాడు. ఏడు మడతలూ రాజుగారి ఒళ్ళో పడ్డాయి, కట్టుబాటూ దాంతోనే వీడింది. ఆయన కళ్ళు చికిలించుకుంటూ ఉండగానే, మైలారయ్య తన తలపాగా తీసి ఆయన పాదాల దగ్గర పెట్టాడు. కింద నున్నటి బట్టతల.

"ఇంకొకటి ఉంది ప్రభూ. పై పాగా చేసిందీ నేనే. దానివల్ల పదేళ్ళుగా ఈ రాజ్యంలో మాట పడ్డవాళ్ళెవరికీ నిజమైన క్షమాపణ దొరకలేదు. ఓబులమ్మకూ దొరకలేదు. చూసుకోండి, నా తల మీద రెండోది లేదు."

పై పాగా అంటే ఏమిటో రాజుగారికి తెలియదు. తెలుసుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. ఆయన కుడి వరసను చూశారు, ఎడమ వరసను చూశారు.

"తీయండి," అన్నారు.

అందరూ పాగాలు తీశారు. అందరి తలల మీదా పాగాలు ఉన్నాయి.

"మళ్ళీ తీయండి."

ఆ తీసిన బట్టలు సభ నడుమ కుప్ప పోస్తే, కుప్ప అవతల ఉన్న ఎర్రవారికి ఇవతల ఉన్న నీలివారు కనపడలేదు. పదేళ్ళలో మొదటిసారి సభలో వాదన ఆగింది. బాచనామాత్యుడి తల మీద మాత్రం రెండు కాదు, మూడు తేలాయి. మూడోది ఎందుకని అడిగితే, జాగ్రత్తకని చెప్పాడు.

రాజుగారు మైలారయ్య వైపు తిరిగారు. గొంతు తగ్గించి, "నాకు కూడా కట్టావా?" అని అడిగారు.

"లేదు ప్రభూ. తమకు ఎప్పుడూ ఒక్కటే కట్టాను. తమకు రెండోదాని అవసరం పడలేదు. ఈ పాతికేళ్ళలో తమరు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు."

ఆ మాటకు ఆసనాల వెనక నిలబడ్డ భటులు కత్తి పిడుల మీద చేతులు వేశారు. రాజుగారు లేచారు. నాలుగు అడుగులు వేశారు. వెనక్కి వచ్చారు. మళ్ళీ నాలుగు అడుగులు వేశారు. మైలారయ్య బట్టతల మీద చెమట బొట్లు లేచాయి. రాజుగారు వంగి, అతని పాగా ఎత్తి, అతని తల మీద పెట్టారు.

"పద. నాది కట్టు. సరిగ్గా కట్టు. మనం రేవుకు పోవాలి," అన్నారు.

కొమ్మరాజు సందు చూసుకుని పక్క వాకిలి వైపు జరుగుతున్నాడు.

"కొమ్మరాజూ, ఏనుగుల సాలకు దారి అటు కాదు," అన్నారు రాజుగారు వెనక్కి తిరగకుండానే.

రేవులో మేళతాళాలు లేవు. బాచనామాత్యుడు వట్టి తలతో నడిచి వచ్చాడు. చేతిలోని పాగాను ఓబులమ్మ పాదాల దగ్గర పెట్టాడు. ఈసారి ఆరడుగుల దూరం లేదు.

"నేను, బాచనను. గంగులు తాగి ఉన్నాడని అబద్ధం చెప్పాను. అతను తాగలేదు. వద్దంటున్నా గుర్రాలను ఎక్కించింది నేను. నన్ను జుట్టు పట్టి గట్టుకు లాగింది అతను."

ఈ గట్టు మీది వందలమందీ విన్నారు. ఓబులమ్మ ఏటి అవతలికి చూసింది.

"అయ్యగారూ, ఆ గట్టు వాళ్ళకు వినపడలేదు," అంది.

బాచనామాత్యుడు ఏటి వైపు తిరిగి అరిచాడు. ఆ అరుపుకు చెట్ల మీది కొంగలు లేచి మూడు ఊళ్ళు దాటి వాలాయి. చాలకపోతే పడవవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ మాటను అందుకున్నారు. గంగులు తాగలేదు, గంగులు తాగలేదు అని ఆ కేక నీళ్ళ మీదుగా పోయి పోయి, అవతలి గట్టు ఎక్కింది. కాసేపటికి అక్కడి నుంచి అదే కేక తిరిగి వచ్చింది.

అప్పుడు ఏడ్చింది ఓబులమ్మ. ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, పాగా ఎత్తి ఆయన తల మీద పెట్టింది. "దీన్ని మళ్ళీ తీసే పని పెట్టుకోకండి," అంది.

ఆమె పడవ వైపు తిరగబోతుంటే రాజుగారు ఆగమన్నారు. తన పాగా తనే తీశారు. ఇరవై తొమ్మిది బిరుదుల తల, నడినెత్తిన నాలుగు వెంట్రుకలు, గాలికి లేచి నిలబడ్డాయి.

"నేను, ఉద్దండరాయలను," అన్నారు. అక్కడ ఆగి, మళ్ళీ మొదలెట్టారు. "ఓబులమ్మా, విచారించకుండా నీ పడవకు ముద్ర వేయించింది నేను. కొమ్మరాజుకు ఒక న్యాయం, మా బాచనకు ఒక న్యాయం చేసిందీ నేనే. ముద్ర నా చేత్తోనే తెంపుతాను." అలాగే వంగి తాడు మీది ముద్ర తెంపారు.

ఓబులమ్మకు కంగారు పుట్టింది. రాజుగారి తల మీద పాగా పెట్టడం ఆమెకేం తెలుసు? ఎలా ఎత్తిందో అలా పెట్టేసింది. తురాయి చెవి పక్కకు వచ్చింది. మైలారయ్య చేతులు సర్దడానికి దురద పుట్టి ముందుకు లేచాయి. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఆపుకున్నాడు.

పడవలు కదిలాయి. ఉప్పు అటు పోయింది, చింతపండు ఇటు వచ్చింది. ఓబులమ్మ మొదటి విడతలోనే ఏడుగురు పండితులు దిగారు. దిగీ దిగకుండానే, మళ్ళీ పడవలు ఆగిపోతాయేమోనన్న తొందరలో, రేవులోనే జరీ శాలువా విప్పి ముప్పయ్యో బిరుదు చదివారు. ఆ బిరుదు "తప్పెరుగని రాయలు".

రాజుగారు వంకర పాగాతో వాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. బాచనామాత్యుడు నేలకేసి చూశాడు. ఓబులమ్మ తెడ్డు మీద చెయ్యి ఆపింది.

"అయ్యా, ఒక్క పూట ఆలస్యంగా వచ్చారు," అన్నారు రాజుగారు.

అని నవ్వారు. నవ్వు అంటే అలా ఇలా కాదు. పొట్ట పట్టుకుని, పడవ అంచు మీద కూర్చుండిపోయి, తురాయి ఊడి నీళ్ళలో పడేలా నవ్వారు. ఆ గట్టు వాళ్ళకు సంగతి తెలియకపోయినా ఆ నవ్వు విని నవ్వారు. పండితులకు ఏమీ అర్థం కాక, మర్యాదకు వాళ్ళూ నవ్వారు. అన్నాళ్ళూ ఊగిన ఆ కాలు ఆ సాయంత్రం పడవ అంచు మీంచి ఊరికే వేలాడుతూ ఉంది.

జరీ శాలువా మైలారయ్యకు కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు రాజుగారు. సభలో కుప్పగా పడి ఉన్న పై పాగాల బట్ట ఇప్పించమన్నాడు మైలారయ్య. ఏం చేసుకుంటావని అడిగితే, చేసినదాన్ని విప్పమని తమరే ఆజ్ఞ ఇచ్చారు కదా అన్నాడు.

మూడు రోజులు కూర్చుని ఎర్ర ముక్క, నీలి ముక్క కలిపి, నాలుగు పొరలు వేసి కుట్టి, ఓబులమ్మ పడవకు తెరచాప చేశాడు. దాన్ని ఎత్తిన రోజున పడవ ఒక్క ఊపులో ఏరు దాటి, గట్టు ఎక్కి, కందిచేను సగం దున్నిందని చెబుతారు. సగం కాదు, చేనంతా దున్నింది. చుక్కాని దగ్గర కూర్చున్న ఓబులమ్మ, దిగేటప్పుడు రెండు వరసల పెద్దమనుషులకూ ఒకే మాట చెప్పేది. తెరచాప తాడుకు తల తగులుతుంది, కాస్త వంచి దిగండి అని.